మోత దించుకున్న చిన్నది

బస్సుల కంపెనీ ఆఫీసులో టీ అందించే పెద్దమ్మ ఆ రోజు పళ్ళెం చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. కప్పులు చల్లారిపోతే పోనీ, ఇలాంటి తగవు మళ్ళీ చూడగలమా! బల్లకి అటు ఫొటో స్టూడియో యజమాని, ఇటు అతని మరదలు. ఆ పిల్ల పెద్దమ్మకి స్వయానా చెల్లెలి కూతురు. నలభై దాటినా పెద్దమ్మకి చిన్నదే. ఇద్దరి మధ్యా కంపెనీ కొత్త క్యాలెండరు పడుంది. అట్ట మీద బస్సు కింద పడుకుని నట్లు బిగిస్తున్న మెకానిక్కు ఫొటో, దాని కింద బావగారి పేరు.

"ఆ ఫొటో నాది," అంది చిన్నది.

"కెమెరా నాది, లెన్సు నాది, స్టూడియో నాది. నువ్వు సంచీ మోసేదానివి. మోత మోసినంత మాత్రాన ఫొటో నీదైపోతుందా?" అన్నాడు బావ, మేనేజరు వైపు చూసి నవ్వుతూ.

చిన్నది గొంతు పెంచలేదు. ఫొటోలో బస్సు పక్కద్దం మీద వేలు పెట్టింది. "సార్, కళ్ళజోడు పెట్టుకుని ఇక్కడ చూడండి. డ్రైవరు సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఈ పెద్దమనిషి ఎవరు?"

మేనేజరు చూశాడు. అద్దంలో ఉన్నది సాక్షాత్తూ బావగారే.

"నిద్రలో నడిచేవాళ్ళుంటారని విన్నాను గానీ, నిద్రలో ఫొటోలు తీసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను," అన్నాడు మేనేజరు. బావ క్యాలెండరు చప్పున బోర్లించాడు. పెద్దమ్మ అప్పుడు గానీ లోపలికి కదల్లేదు. టీ మొదట చిన్నదానికే ఇచ్చింది.

వచ్చే ఏడాది క్యాలెండరు ఎవరికివ్వాలో తేల్చడానికి మేనేజరు ఒక పద్ధతి పెట్టాడు. సోమవారం బస్సుల షెడ్డులో ఇద్దరూ ఫొటోలు తీయాలి, బాగా తీసినవాళ్ళకి పని. బావ బయటికొస్తూనే, "దేంతో తీస్తావే మోతా? కళ్ళతోనా?" అన్నాడు.

పద్నాలుగేళ్ళుగా ఆయన ఆమెని పేరు పెట్టి పిలిచింది లేదు. "మోతా, ఇటు రా. మోతా, స్టాండు దించు." రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు, ఇనుప స్టాండు, లైట్లు, అన్నీ ఆమె కుడి భుజం మీదే. ఆ భుజం రెండు వేళ్ళు కిందికి జారింది. జాకెట్లు కుట్టే ఆమె అడక్కుండానే అటుపక్క తగ్గించి కత్తిరించేది. చొక్కా నలక్కుండా వెనకాల నడిచినవాడు మాత్రం ఫొటోగ్రాఫరు!

చిన్నది మర్నాడే కెమెరాల కొట్టుకెళ్ళింది. కొట్టువాడు బల్ల మీద పెద్దపెద్దవన్నీ పరిచాడు. ఆమె వాటిని ముట్టుకోనైనా లేదు. అద్దాల బీరువాలో మూలనున్న చిన్నదాన్ని తీయించింది. అరచేతిలో ఇమిడింది. మార్చే లెన్సు లేదు, మోసే సంచీ లేదు. వెనకున్న తెర పైకి లేస్తుంది, కంటి దగ్గర పెట్టుకోకుండా నడుము దగ్గర్నుంచే తీయొచ్చు. నొక్కితే చప్పుడు లేదు.

"ఇది ఊళ్ళు తిరగడానికెళ్ళేవాళ్ళు కొంటారమ్మా. మీరెక్కడికెళ్తున్నారు?" అన్నాడు కొట్టువాడు.

"మా బావ మీదికి," అంది చిన్నది.

సోమవారం షెడ్డులో ఆమె చేతిలోది చూసి బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "సబ్బుపెట్టె తెచ్చుకుందిరోయ్! స్నానానికొచ్చిందేమో!" ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సంచీ తనే మోసుకొచ్చాడేమో, అప్పటికే ఆయాసం. స్టాండు నిలబెట్టాడు, కెమెరా ఎత్తాడు. అది స్టాండు మీద కూర్చోదే! కెమెరా అడుగున బిగించే బిళ్ళ ఒకటుంటుంది. అది లేకపోతే స్టాండూ, కెమెరా ఒకదాన్నొకటి ఎరగవు. పద్నాలుగేళ్ళూ ఆ బిళ్ళ బిగించింది చిన్నదే. అది ఎక్కడుంటుందో ఆయనకెప్పుడూ పట్టలేదు. అంత బరువు కెమెరాని స్టాండు లేకుండా పట్టుకుని తీయడం ఆయనవల్ల కాదు.

సంచీ బోర్లించాడు. తీగలు, మూతలు, గుడ్డపీలికలు నేల మీద పడ్డాయి. మెకానిక్కులు చుట్టూ చేరారు.

"ఏయ్, బిళ్ళేదే?"

"నాకేం తెలుసు బావా? మోసేదాన్నే కదా, తీసేదాన్ని కాదుగా."

తెలియకేం! సంచీ అడుగున, జిప్పున్న లోపలి జేబులో ఉంది. ఎప్పుడూ ఉండేది అక్కడే. ఆమె దాచలేదు, తీయలేదు. చెప్పలేదు, అంతే. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నూనె మరకల్లో వెతుక్కుంటూ ఉంటే, నడుము దగ్గర్నుంచి చప్పుడు లేకుండా నొక్కుతూ షెడ్డంతా తిరిగింది. ఆయన్ని చూసి పగలబడి నవ్వుతున్న మెకానిక్కుల మొహాలన్నీ వచ్చాయి. ఒక్కరూ చొక్కా సర్దుకోలేదు, ఒక్కరూ బిగుసుకుపోలేదు.

క్యాలెండరు పని ఆమెకే వచ్చింది. అట్ట మీద పేరూ ఆమెదే పడుతుందని మేనేజరు రాసిచ్చాడు.

వారం తిరక్కుండా అక్క వచ్చింది. "పోనీలేవే, ఆయనకి భుజం పట్టేసింది. మందు రాయలేక నేను ఛస్తున్నాను. వచ్చి ఒక్కమాట మాట్లాడు," అంది.

"ఏ భుజం?"

"కుడి."

"ఎడమది బాగానే ఉందన్నమాట," అంది చిన్నది. అక్క మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం చిన్నది పెద్దమ్మ గదికొచ్చింది. గది నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మెట్లు ఇరుకు, రెయిలింగు ఊడి ఏళ్ళైంది. చిన్నది వస్తూనే కూర్చోకుండా, మళ్ళీ బయటికెళ్ళి మెట్లెన్నో లెక్కపెట్టొచ్చి మరీ కూర్చుంది.

"గెలిచావుగా, ఇంకా ఏంటే ఆ చూపు?" అంది పెద్దమ్మ.

"అది పని కోసం పెద్దమ్మా. పద్నాలుగేళ్ళ సంగతి అలాగే ఉంది. నువ్వో సాయం చెయ్యాలి."

"చెప్పు."

"రేపు బావకి కబురు పెట్టు. నీకు మంచి ఫొటో ఒకటి కావాలను. ఇంట్లోనే తీయాలను. చిన్న కెమెరాలంటే నీకు నమ్మకం లేదను, పొంగిపోయి పరిగెత్తుకొస్తాడు. స్టాండు, లైట్లు, పెద్ద లెన్సు, ఏదీ వదలకుండా తెమ్మను. అన్నీ పైకి మోసుకొచ్చి, లైట్లు బిగించి, ఇక నొక్కబోతాడు చూడు, అప్పుడు ఈ చీర బాగాలేదు నాయనా, ఎల్లుండి రా అను."

"ఎల్లుండి వస్తే?"

"నీకు చీరలెన్నున్నాయి పెద్దమ్మా?"