ఆకుపచ్చగా వెలిగిన వెంట్రుకలు

మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు ఒక ఉదయం జడ వేస్తుంటే, నడినెత్తిన రూపాయి బిళ్ళంత చోట వెంట్రుకలు లేవు. చర్మం మీద బూడిదరంగు పొట్టు. చుట్టూ ఉన్న వెంట్రుకలు మొదలు దగ్గరే తెగి పొట్టిపొట్టిగా ఉన్నాయి.

మేముండేది రేపల్లెలో. బాపట్ల నుంచి వచ్చిన మా అత్తగారు చూసి, "పేనుకొరుకుడమ్మా, ఉల్లిపాయ రుద్దు, అదే పోద్ది" అన్నారు. రుద్దాను. మంటకి పిల్ల ఏడ్చింది. పదిరోజులకి మచ్చ పెద్దదైంది, పక్కన ఇంకోటి లేచింది. బళ్ళో పిల్లలు దూరంగా జరిగి కూర్చుంటున్నారని విని, గుండు చేయిద్దామన్నాను. అది రెండు చేతులతో తల కప్పుకుని "వద్దమ్మా" అంది. ఆ చేతులు చూశాక ఇక ఆగలేకపోయాను.

మర్నాడే రైల్లో తెనాలి తీసుకెళ్లాను. చర్మం డాక్టరమ్మ తల చూసి, తలుపు వేయించి లైటు ఆర్పేశారు. చేతిలో ఒక చిన్న దీపం వెలిగించారు. ఊదారంగు వెలుగు, ఉందా లేదా అన్నట్టుంది. దాన్ని పిల్ల తల మీదికి తెచ్చారు. తెగిన వెంట్రుకలు ఒక్కొక్కటీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి, అప్పుడే మొలిచిన వరినారులా. రోజూ నేను నూనె రాసి దువ్వే తలలో ఇంత వెలుగు దాక్కునుందా!

"ఏంటండి ఇది?" అన్నాను.

"తామరమ్మా. బూజులాంటిదే, ఈ దీపం కింద ఇలా వెలుగుద్ది. వెంట్రుక లోపలికి దూరుద్ది కాబట్టి పైన రాసేది అందదు, మాత్రలు మింగాలి. ఇది పిల్లుల నుంచి అంటుద్ది. ఇంట్లో పిల్లి ఉందా?"

లేదండి అనబోయాను. చీకట్లోంచి మా అమ్మాయి, "బడి పక్కన పిల్లికూన ఉందండి. రోజూ నా తల మీద ఎక్కించుకుంటా" అంది.

డాక్టరమ్మ నవ్వి, ఆ వెలుగుని ఫోన్లో ఫోటో తీసి మా అమ్మాయికి చూపించారు. "నా తలేనా?" అని అది చాలాసేపు చూసింది. భయపడుతుందనుకున్నాను. ఇంకోసారి చూపించమంది.

వారాల తరబడి, రోజూ పాలు తాగించాక మాత్ర వేశాను. దువ్వెన, తువ్వాలు వేరు చేశాను. పిల్లికూనని గంపలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికీ వెళ్లాం. ఒకరోజు తలంటుతుంటే వేళ్ల కింద మెత్తగా నూగు తగిలింది. సబ్బు చేత్తోనే నురగ పక్కకి తోసి చూశాను.

తర్వాత మా అత్తగారు వచ్చి, ఆ చోటంతా తడిమి చూశారు.

"కడుపులో పడ్డ మాత్రకి, ఈ వెంట్రుక దాకా దారెట్టా తెలిసిందే?" అన్నారు.

ఇద్దరం ఆ చిన్న తల వైపే చూస్తూ కూర్చున్నాం.