బాబాయిగారి పాస్‌వర్డ్

ఈ రోజు మధ్యాహ్నం మా పక్కింటి సూర్యారావు బాబాయిగారు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగున వచ్చారు. వాళ్ల కంప్యూటర్‌లో వైరస్ దూరిందనీ, వెంటనే ఫలానా నంబరుకు ఫోన్ చేయమనీ తెర నిండా ఎర్రటి అక్షరాలు వచ్చాయట. నేను అమలాపురంలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను కాబట్టి మా వీధికంతటికీ నేనే డాక్టర్ని.

పిన్నిగారు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తారు. ఈ మొగుడూపెళ్లాలు వారానికోసారి ఒకరినొకరు చూసుకునేది ఆ కంప్యూటర్‌లోనే. అందుకే ఆయనకంత కంగారు.

ఆ నంబరుకు ఫోన్ చేయకపోవడం అదృష్టం. అది ఉత్త మోసమని చెప్పి, వాళ్లింటికెళ్లి ఆ పేజీ మూసేసి, స్కాన్ చేశాను. వైరస్ ఏమీ లేదు. పనిలో పనిగా పాస్‌వర్డ్ మార్చమన్నాను.

"ఇప్పుడున్నది మీ పిన్ని పేరేనమ్మా. అదే ఉండనీ," అన్నారు.

"ఇంట్లోవాళ్ల పేర్లు ఇట్టే కనిపెట్టేస్తారండీ."

ఆయన గోడవైపు చూస్తూ, "ముప్పై ఏళ్లలో ఒక్కసారీ పేరెట్టి పిలవలేదమ్మా, ఏమేవ్ అనడమే. ఆ పేరు రాసుకునేది ఇక్కడొక్కచోటే," అన్నారు.

పేరు అలాగే ఉంచి, పక్కన ఆవిడతో చెప్పాలనుకున్న మాటేదైనా కలపమన్నాను.

"ఎంత పొడుగుండొచ్చమ్మా?"

"ఎంత పొడుగైతే అంత గట్టిదండీ."

నేను అటు తిరిగి నిలబడ్డాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆయన చాలాసేపు టైపు చేశారు.

మీ పాస్‌వర్డ్ ఎవరి పేరో ఇక్కడ రాసేయకండి బాబూ. ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో మాత్రం చెప్పండి.