కైసు వేసిన అతుకులు

కైసు హుట్టినెన్ వెంట్రుకంత సన్నటి గాజుతీగలను అతుకుతుంది. ఫిన్లాండులో, ఎస్పోలోని మా ప్రయోగశాలలో ముప్పై ఏళ్లుగా అదే పని. ఆవిడ అతుకు దగ్గర వెలుగు రవ్వంత కూడా ఒలకదని మాకు గుడ్డినమ్మకం. మొన్న నవంబరులో ఆ పేరే గంగలో కలవబోయింది.

మా పరిశోధకురాలు విల్యా మూడువందల మంది ఉత్తుత్తి రోగుల ఫైళ్లను ముక్కలు చేసి నాలుగు యంత్రాల్లో దాచింది. పేర్లు గోడ క్యాలెండరులోంచి ఎత్తి రాసింది. కైసు ఒక ఫైలు అడుగుతుంది. అది ఎవరిదో ఏ యంత్రానికీ తెలియదు. ఒక్కోదానికి అర్థంలేని అంకెలే అందుతాయి. నాలుగూ ఒకదానితో ఒకటి ముడిపడ్డ కాంతికణాలను తీగల్లో పంపుతాయి. అవన్నీ కైసు బల్ల దగ్గర కలిస్తేనే ఫైలు విప్పుకుంటుంది. కణాలు అలా ముడిపడి ఉండడంవల్ల మామూలుగా పంపేదాంట్లో సగం పంపితే చాలు! తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

తీరా చూస్తే, రెండో యంత్రం దగ్గర కూర్చుని, కైసు ఎవరి ఫైలు అడిగిందో ఊహించాల్సిన ఆర్నె మూడు రోజులు వరసగా ఆ పేరు టక్కున చెప్పేశాడు. లెంపి. కాత్రి. సిస్కో.

"అతుకు దగ్గర వెలుగు వెనక్కి తన్ని గుట్టు చెప్పేస్తోంది. రేపు అతుకులన్నీ కోసేసి బయటివాళ్లతో వేయిద్దాం," అన్నాడు మా ప్రయోగశాల పెద్ద.

కైసు మొహం పాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

కాఫీవేళకి ఆఫీసులో పనిచేసే హిల్కా కేకు తెచ్చింది. మా క్యాలెండర్లలో రోజుకో మనిషి పేరుంటుంది; ఆ రోజుకున్న పేరు ఆవిడదే, అంటే ఆవిడ పేరు పండగ. విల్యా కేకు వంక చూసి ఆగిపోయింది.

"కైసూ, ఇవాళ ఎవర్ని అడుగుదామనుకున్నావ్?"

"హిల్కానే. ఏ రోజుకి ఆ రోజు పేరే అడుగుతున్నాగా. ఇవాళ్టి పేరు వదిలేసి ఇంకెవర్ని అడుగుతా?"

అందరం ఆర్నె వైపు తిరిగాం.

"ఊహించమన్నారు, ఊహించా," అన్నాడు కేకు నములుతూ. "క్యాలెండరు చూశావా అని ఎవరూ అడగలేదుగా."

"ఓరి నీ మౌనం మండ! నా పరువు పోతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా?" అంది కైసు.

కైసు పేర్లన్నీ చీటీలుగా కత్తిరించి ఉన్నిటోపీలో పోసింది. కళ్లు మూసుకుని ఒకటి తీసింది. ఆర్నె తన యంత్రంలోని అంకెలను గుడ్లప్పగించి చూశాడు.

"హెయిని?"

కాదు. ఇరవైసార్లు తీస్తే ఇరవైసార్లూ తప్పే చెప్పాడు! ప్రతిసారీ ఫైలు మాత్రం అక్షరం పోకుండా కైసు ముందు తెరుచుకుంది. విల్యా గెంతులేసింది. నేను బల్ల గుద్దితే నా కాఫీ ఒలికిపోయింది.

"తీగల జోలికి ఎవరూ వెళ్లొద్దు," అన్నాడు పెద్ద, నేల చూపులు చూస్తూ.

"ఇంతకీ ఆఖరుది ఎవరి ఫైలు?" అన్నాడు ఆర్నె.

కైసు చీటీని నలిపి కాఫీలో ముంచేసింది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

"చెప్పను. ఈ మూడు రోజులూ గుట్టు కారింది నా అలవాటులోంచే, నా తీగలోంచి కాదు."