కోసేసిన అయిదు పోగులు

నా పేరు చెప్పను. ప్రొద్దుటూరులో నాకు ఎలక్ట్రికల్ దుకాణం ఉండేదని తెలిస్తే చాలు. పాతికేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మొదట్లో అది బరువనిపించలేదు. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, నేను ఇంకాస్త తొందరగా పడ్డాను. ఇప్పుడు మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

జమ్మలమడుగు రోడ్డులో ఒక పత్తి మిల్లు ఉండేది. అవి ఫ్యాక్షన్ రోజులు. టీకొట్టుకు కూడా ఒక పార్టీ ఉండేది. మిల్లు యజమాని కొత్త మెషీన్లు దింపి, మెయిన్ బోర్డు పెట్టమని నన్ను పిలిపించాడు. బోర్డు పత్తికి దూరంగా, బయటి గోడకు ఉండాలి. బయట పెడితే అవతలి పార్టీ వాళ్లు పీకేస్తారని ఆయన లోపలే పెట్టమన్నాడు. అంతవరకు తప్పు నాది కాదు. లోపలైనా జాగ్రత్తగా పెట్టొచ్చు. దుమ్ము దూరని ఇనుప బాక్సు కావాలి, కేబుల్ వెళ్లే రంధ్రాలు బిగుతుగా మూయాలి, తీగ కొసను బిగించే టెర్మినల్ దాని లావుకు తగ్గట్టు ఉండాలి. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసి ఉంటే ఇప్పుడు ఇది రాసే పనే లేదు.

నేను లెక్క తప్పి ఒక సైజు చిన్న బాక్సు తెచ్చాను. గోడకు బిగించాక చూస్తే రాగి తీగ అందులోని టెర్మినల్లోకి పోలేదు. పంతొమ్మిది పోగుల కేబుల్ అది. బాక్సు విప్పి, కడప నుంచి సరైనది తెప్పిస్తే పని మూడు రోజులు ఆగేది. కాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత కటింగ్ ప్లయర్ తీసి అయిదు పోగులు కోసేశాను. మిగతావి సులువుగా దూరాయి. అలా సన్నబడిన చోట తీగ వేడెక్కుతుందని నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు నేనే చెప్పేవాడిని. రంధ్రాలు కూడా మూయలేదు. సాయంత్రానికి మెషీన్లన్నీ తిరిగాయి. యజమాని నా భుజం తట్టాడు.

ఎందుకు చెప్పలేదు? భయమా? ఆయన వెంట ఎప్పుడూ నలుగురు మనుషులు ఉండేవారు కాబట్టి భయపడ్డానంటే ఎవరైనా నమ్ముతారు. చాలా ఏళ్లు నేనే నమ్మాను. కానీ ఆయన నన్ను ఏనాడూ గద్దించలేదు. తప్పు బాక్సు తెచ్చానంటే మార్చుకురా అనేవాడు, అంతే. నిజమేమిటంటే, ఆ రోజుల్లో బోర్డు పని అంటే అందరూ నా పేరే చెప్పేవారు. అలాంటి నేను సైజు తప్పానని అక్కడున్న ఇద్దరు హమాలీల ముందు ఒప్పుకోలేకపోయాను. ఇంత చిన్న కారణం.

రెండో సీజన్లో, మధ్యాహ్నం భోజనాల వేళ మిల్లు అంటుకుంది. ప్రాణాలు పోలేదు కానీ పత్తి మొత్తం కాలిపోయింది. మంటలు ఆరకముందే కేసులోకి పేర్లు తయారయ్యాయి. అప్పట్లో ముందు పేర్లు రాసేవారు, ఏం జరిగిందో తర్వాత చూసుకునేవారు. అవతలి పార్టీలో నలుగురిని ఇరికించారు. వాళ్లలో ఓబులేసు ఒకడు. గొర్రెలు మేపుకునే మనిషి. ఎన్నికల్లో ఆ పార్టీ తరఫున బూత్‌లో కూర్చున్నాడు, మంటలు లేచినప్పుడు మిల్లు వెనక గొర్రెలతో ఉన్నాడు. అతను చేసిన నేరం అదే.

కాలిన బోర్డు విప్పడానికి నన్నే పిలిచారు. మిగతా టెర్మినళ్లకు మసి పట్టింది. నేను పోగులు కోసిన చోట మాత్రం లోహం కరిగి గడ్డ కట్టింది. చూడగానే తెలిసిపోయింది. చుట్టూ చూశాను. ఎవరు అంటించారన్నదే అందరి మాట, నా వైపు ఎవరూ చూడటం లేదు. బోర్డును గోనెసంచిలో చుట్టి పాత ఇనుము కొట్లో పడేశాను.

బెయిలు మీద వచ్చాక ఓబులేసు నా దుకాణానికి వచ్చాడు. మెట్టెక్కకుండా కిందే నిలబడ్డాడు.

“ఒక మాట అడగాలప్పా. ఆ బోర్డు నువ్వు పెట్టిందే గదా. కరెంటుకు గాని అంటుకునిందా?”

“లేదు మామా. నా బోర్డులో ఏం లేదు.”

“బాగా చూసినావా?”

“చూసినా.”



“అట్లయితే మావోళ్లే ఎవురో చేసింటారు. మా బామ్మర్ది ఒగడే ఆ పొద్దు మిల్లు తట్టు పోయినాడు. యాడికి పోతివిరా అంటే ఏం చెప్పడు. సరేలేప్పా, నువ్వు అబద్ధం చెప్పేటోనివి కాదు.”

అతను నన్ను నిలదీయడానికి రాలేదు. బామ్మర్దిని అనుమానించకుండా ఉండటానికి ఏదైనా దారి దొరుకుతుందేమోనని వచ్చాడు. అది నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే చెప్పేవాడినా? అనుకోను.

కొన్నేళ్లకు పార్టీల పెద్దలు రాజీ పడ్డారు, కేసు కొట్టేశారు. ఎవరికీ శిక్ష పడలేదు కదా, ఇంక చెప్పేదేముంది అనుకున్నాను. ఓబులేసు గొర్రెలు అమ్ముకుని పులివెందులకు వెళ్లిపోయాడని విన్నాను.

దుకాణం మూసేసినా, తెలిసినవాళ్లు పిలిస్తే పనికి వెళ్తుంటాను. పోయిన ఏడాది పులివెందులలో ఒక టీచరమ్మ కొత్త ఇంటికి బోర్డు బిగించడానికి వెళ్లాను. హాల్లో దండ వేసిన ఓబులేసు ఫోటో ఉంది. ఆమె అతని కూతురు. నాది ప్రొద్దుటూరు అనగానే మజ్జిగ ఇచ్చి మాటలు కలిపింది. మిల్లు తగలబెట్టి తనను జైలుకు పంపాడని వాళ్ల నాన్న చనిపోయేదాకా బామ్మర్దితో మాట్లాడలేదట. నేను కాదు బావా అని ఆయన ఎంత మొత్తుకున్నా, బోర్డు పెట్టిన మనిషే కరెంటు కాదని చెప్పాడు అని నాన్న అనేవాడట. బావ చివరిచూపుకు వస్తే సొంత అక్కే గడప తొక్కనివ్వలేదట. ఆ మేనమామ ఇప్పుడు జమ్మలమడుగులో ఒంటరిగా ఉంటున్నాడని చెప్పింది.

ఆ బోర్డు పెట్టిన మనిషిని నేనేనమ్మా అనాలి. నోటిదాకా వచ్చింది. స్క్రూలన్నీ ఇంకోసారి బిగించి వచ్చేశాను.

మీరు క్షమిస్తారని రాయలేదు. ఓబులేసు లేడు. బామ్మర్ది ఉన్న ఊరికి ఇక్కడి నుంచి బస్సులో గంట కూడా పట్టదు. వెళ్తానని రాయను, ఆ మాట చాలాసార్లు అనుకున్నవాడినే. మిల్లును ఓబులేసు కాల్చలేదు, అతని బామ్మర్దీ కాల్చలేదు. నా పని వల్ల కాలింది. ఈ మాట ఇన్నేళ్లలో ఎక్కడా అనలేదు, ఇప్పుడు రాశాను. మనసు కొంచెం తేలికపడింది. అయితే అది నా ఒక్కడికే.