అప్పజెప్పించుకున్న ఆరు వారాలు

మొన్న మంగళవారం నా రక్తపోటు మందులు మార్చిన డాక్టరమ్మ, వెళ్లబోయే ముందు ఏది ఎప్పుడు వేసుకోవాలో నన్నే తిరిగి చెప్పమంది. తడుముకోకుండా చెప్పాను గానీ, మనసు మాత్రం 2004 అక్టోబరులో నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే ఉదయం రైలెక్కేసింది.

అప్పటికి వైద్య కళాశాలలో మూత్రపిండాల పాఠం చెప్పబట్టి పద్దెనిమిదేళ్లు. యాభై నిమిషాల తరగతిని నలభై తొమ్మిదో నిమిషంలో ముగించేదాన్ని. స్లైడ్లలో ఒక్క అచ్చుతప్పు ఉండేది కాదు. ఇంత చక్కగా చెబితే రాకుండా ఎక్కడికి పోతుందని నా ధీమా. ఆ నెలలోనే మా వీధిలో ఉండే స్నేహితురాలి కూతురు, ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల, నా పరీక్షలో తప్పింది. ఆరు వారాల్లో మళ్లీ రాయాలి. అదీ పోతే ఏడాదంతా మళ్లీ చదవాలి. రెండో ప్రశ్నపత్రం నేను తయారుచేయనని కళాశాలలో ముందే చెప్పేసి, మా ఇద్దరిదీ ఒకే రైలు కాబట్టి పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాను. నోట్సు నాలుగు రంగుల గీతలతో ముగ్గులా ఉంది. మూసేసి చెప్పమన్నాను.

"ఆంటీ, చూస్తే అంతా వస్తుంది నాకు. ప్రామిస్!"

"చూస్తే నాకూ వస్తుందమ్మా. పేషెంటు మంచం పక్కన నోట్సు తెరుస్తావా?"

మన తరానికి అప్పజెప్పడం కొత్తేమీ కాదు. ఎక్కాలూ పద్యాలూ అలాగే గదా వచ్చాయి. అప్పజెప్పడమంటే తీసుకున్నది తిరిగి ఇచ్చేయడం కూడా. పద్దెనిమిదేళ్లుగా నేను పిల్లలకు ఇవ్వడమే గానీ తిరిగి పుచ్చుకోలేదని ఆ రైల్లో తట్టింది. కాస్త మరిచాక గుర్తుచేసుకుంటేనే గట్టిపడుతుందని, ప్రతి పాఠాన్నీ మర్నాడు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి, పదో రోజు మరోసారి అప్పజెప్పించుకునేదాన్ని. అయినా రెండు వారాలు గడిచినా తడబాటు తగ్గలేదు. చివరికి పిల్లే విసుక్కుంది.

"మీరు వెయిట్ చెయ్యరు ఆంటీ. నేను థింక్ చేస్తుంటే మీరే చెప్పేస్తారు."

కోపమొచ్చింది. మర్నాడు గడియారం చూసుకున్నాను: నా ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య సరిగ్గా రెండు సెకన్లు! ఆ రోజు నుంచి పెదవి బిగబట్టి పదిహేను లెక్కపెట్టేదాన్ని. పదకొండో పన్నెండో అంకె దగ్గర పిల్ల కనుబొమలు కదిలేవి, తప్పో ఒప్పో తన నోటి నుంచే వచ్చేది. తప్పయితే అప్పుడు దిద్దేదాన్ని. రెండోసారి రాసిన పరీక్షలో, గట్టెక్కడానికి డెబ్బై కావలసిన చోట ఎనభై మూడు తెచ్చుకుంది.

జనవరి నుంచి తరగతిలోనూ మూడుసార్లు ఆగి, పుస్తకాలు మూయించి, గుర్తున్నది రాయించాను. పాఠంలో మూడోవంతు కోసేయాల్సి వచ్చింది, తోటి అధ్యాపకులు గొణిగారు, అయినా 2015లో పదవీ విరమణ చేసేదాకా మానలేదు. చేసింది సరైన పనే.

ఇప్పుడు ఆ తరగతి గదులు సగం ఖాళీ అట. పిల్లలు రికార్డు చేసిన పాఠాన్ని ఇంట్లోనే రెట్టింపు వేగంతో వింటారు; ఏ రోజు ఏది అడగాలో ఫోనే లెక్కవేసి అడుగుతుంది, ఎంతసేపైనా విసుక్కోకుండా కాచుకుంటుంది. నాకన్నా బాగానే చేస్తోంది, ఒప్పుకుంటాను. కానీ పోయిందనుకున్న మాట లోపలి నుంచి పైకి వచ్చేటప్పుడు ఆ చిన్న ముఖాల్లో ఒక వెలుగు వచ్చేది. పదేళ్లు ఎదురుగా నిలబడి చూశాను. ఆ వెలుగు ఇప్పుడూ వస్తూనే ఉంటుంది, చూసేవాళ్లే లేరు.