చాట కింద గుడ్లు

మా పక్క వాటాలో బీడీలు చుట్టే అక్క ఉండేది. ఎవరేమన్నా తల ఎత్తేది కాదు. బీడీ మూతిని గోటితో మడుస్తూ "ఏం గాదు తియ్" అనేది, అంతే.

ఒక ఎండాకాలం ఆమె పెంచుకునే కోడి గుడ్లు పొదుగుతుండగా ఇంటి ఓనరు వచ్చాడు. వాకిలంతా పాడవుతోందట, మళ్లీ కోడి కనబడితే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. అక్క కోడిని కోటగిరిలో ఉన్న చెల్లెలికి పంపేసింది. బస్సు కుదుపులకు చితికిపోతాయని గుడ్లు మాత్రం పంపలేదు. పాత చీరముక్కలో చుట్టి పొట్టకు కట్టుకుంది. పైన ఒళ్లో బీడీల చాట పెట్టుకుని ఎప్పటిలాగే బీడీలు చుట్టింది. ఒక్కో కట్ట అయ్యాక చెయ్యి లోపలికి పోనిచ్చి గుడ్లను మెల్లగా తిప్పేది. నిద్ర కూడా గోడకు ఆనుకునే.

"పిచ్చి లేసిందా అక్కా? మురిగిపోతయ్" అన్నాను.

"ఏం గాదు తియ్."

ఓనరు మళ్లీ వచ్చి మూలమూలా వెతికాడు.

"కోడిని పంపినవా?"

"పంపిన."

అంతలో చాట కింద నుంచి కీచుమని పిల్ల అరిచింది. ఆయన బిత్తరపోయి వంగి చూశాడు. అక్క చాట పక్కన పెట్టి, తల ఎత్తింది.

"ఇగ నేనే కోడిని. ఎల్లగొట్టు, సూస్త."