అక్కచెల్లెళ్ళు లేని మేనమామ

మధురవాడలో మా అపార్టుమెంటు కింద కొత్తగా వెలసిన టీ కొట్టులో బెల్లం టీ మరిగిందంటే చాలు, ఆ వాసన లిఫ్టుకన్నా ముందు మా అంతస్తుకెక్కి, నా కాలరు పట్టుకుని వన్ టౌనుకి ఈడ్చుకుపోతుంది. అక్కడ, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి సన్యాసం పుచ్చుకోవాల్సినంత ఇరుకు సందులో, అప్పారావుగారి బెల్లం, చింతపండు హోల్‌సేలు కొట్టు ఉండేది. వానాకాలం వచ్చిందంటే అనకాపల్లి బెల్లం దిమ్మలు చెమటలు కక్కేవి, తడి గోనెలు పులిసేవి, చీమలు హార్బరు కలాసీల్లా బారులు తీరి సరుకు దించుకునేవి, ఇక ఈగలు ఎంతగా బలిసేవంటే, మనం తోలబోతే అవే మనల్ని తోలేవి.

పదో తరగతి లెక్కలు తప్పిన నన్ను, కాటా దగ్గర నిలబడితే లెక్కలు వాటంతటవే అంటుకుంటాయని మా అమ్మ ఆ కొట్టులో పెట్టింది. సెప్టెంబరులో పరీక్ష మళ్ళీ రాయాలి. మా వీధి మాస్టారు రోజూ ఏడు దాటాక ట్యూషన్ చెబుతానన్నారు. ఆ వేళకి కొట్టు నన్ను వదిలితే గట్టెక్కుతాను, లేదంటే బెల్లంలో చీమనే. అప్పారావుగారేమో చీకటి చిక్కబడితేగాని వదిలేవారు కాదు.

ఒకరోజు లేబరు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అప్పారావుగారు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా భుజం మీద చెయ్యేశారు.

"మా మేనల్లుడండి. సొంతోడు పనోడెలాగవుతాడండి?"

"మీ చెల్లెలి పేరేమిటండీ?"

అన్నదమ్ములే తప్ప ఆడతోబుట్టువన్నదే లేని ఆ మనిషి కొట్టంతా కలియజూసి, గోనె మీది మార్కు చదివి "లచ్చిమండి" అన్నారు. సరిగ్గా అప్పుడే నేను మా అమ్మ పేరు అందుకుని "అప్పలనరసమ్మండి" అన్నాను.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. పద్దెనిమిది నిండని కుర్రాడితో ఏడు దాటాక పని చేయించకూడదనీ, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలనీ, వారానికో సెలవుండాలనీ పురాణం చెప్పినట్టు చెప్పాడు. అప్పారావుగారు గంగిరెద్దుకు మించి తలూపారు. ఆ పూట నాకు ఇన్‌స్పెక్టరు వెనకాల పెద్ద కాంతిచక్రం కనిపించింది.

మర్నాటి నుంచి రూళ్ళన్నీ అమలయ్యాయి. విశ్రాంతి వేళకి నా ముందు చింతపండు బుట్ట బోర్లించి గింజలు తియ్యమన్నారు. "కూకుని సేసేది పనేటిరా? రెస్టు." సరిగ్గా ఏడింటికి షట్టరు దించేశారు, నన్ను లోపలుంచి. ట్యూషనుందని గొణిగితే, "కొట్టు కట్టేసినాం కదేటి, ఇంకా పనెక్కడుందిరా?" అంటూ రేపటి మూటలు చూపించారు. సెలవు రోజున, మేనల్లుడివై ఉండి మావయ్య ఇంటికి రావేటని పిలిపించి, సముద్రం చిన్నబోయేన్ని నీళ్ళు మోయించారు.

సెప్టెంబరు పరీక్షలో చింతగింజల మీద ఒక్క ప్రశ్నా రాలేదు. మళ్ళీ తప్పాను. నా ఈడు వాళ్ళంతా కాలేజీ బస్సెక్కి టాటా చెబుతుంటే, నేను ఇంకో ఏడాదంతా బెల్లం చెమటలు తుడిచాను.

ఇప్పుడా కొట్టు లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బెల్లం అట్టపెట్టెల్లో కూర్చుని చెమట పట్టడం మర్చిపోయింది. చీమలకి ఉద్యోగాలు పోయాయి. కింద టీ కొట్టులో మాత్రం పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరమన్న బోర్డు నిగనిగలాడుతూ వేలాడుతోంది. దాని కిందే, నిన్న ఎనిమిది దాటాక, మీసం ఇంకా మొలకెత్తని కుర్రాడొకడు గ్లాసులు కడుగుతున్నాడు, పక్కనే తడవకుండా ఎత్తిపెట్టిన పదో తరగతి పుస్తకం. ఎవరని ఓనర్ని అడిగాను.

"మా మేనల్లుడు సార్."

"మీ చెల్లెలి పేరేంటి బాబూ?"

అతని కళ్ళు మెల్లగా పాల ప్యాకెట్టు మీదికి వెళ్ళాయి.